టెక్స్‌టైల్ బీటెక్‌కి ఎంతవుతుంది? నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో లెక్క కట్టే పద్ధతి

కాలేజీ వెబ్‌సైట్‌లో కనిపించే ట్యూషన్ ఫీజుని నాలుగుతో గుణించి "ఇంతే కదా" అనుకోవడం దగ్గరే చాలా ఇళ్లలో లెక్క తప్పుతుంది. సివిల్‌కో కంప్యూటర్స్‌కో అయితే ఆ తప్పు పెద్దగా కొట్టదు. కాలేజీ కావలిలోనో ఒంగోలులోనో ఉంటుంది, పిల్లలు ఇంటి దగ్గరే బస్సెక్కుతారు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. టెక్స్‌టైల్ సంగతి వేరు. ఈ బ్రాంచికి పేరున్న కాలేజీలు దాదాపు అన్నీ రాష్ట్రం బయటే ఉన్నాయి. తడ దాటిన రోజునే మూడు దెబ్బలు కలిసి తగులుతాయి: రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుంది, కన్వీనర్ కోటా చేజారుతుంది, హాస్టల్ తప్పనిసరి అవుతుంది. అందుకే ఏ కాలేజీ అన్న ప్రశ్న తర్వాత. ఏ దారిన పోతే ఎంతవుతుందో ముందు తేల్చుకోండి.

మొదటి పని: కోర్సు పేరు సరిచూసుకోండి

టెక్స్‌టైల్ టెక్నాలజీ, టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ అనేవి నూలు వడకడం, నేత, అల్లిక, పరీక్షలు, ప్రాసెసింగ్ అన్నీ చెప్పే బీటెక్‌లు. టెక్స్‌టైల్ కెమిస్ట్రీలో బరువంతా రంగులు, అద్దకం మీద ఉంటుంది. ఫ్యాషన్ టెక్నాలజీ అంటే ఎక్కువగా గార్మెంట్ తయారీ. ఫ్యాషన్ డిజైన్ అసలు ఇంజినీరింగే కాదు. ఏజెంట్లు ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టి "టెక్స్‌టైల్ సీటు" అంటారు. ప్రైవేటు కాలేజీ అయితే, ఆ ఏడాదికి ఏఐసీటీఈ (సాంకేతిక కోర్సులకి అనుమతిచ్చే కేంద్ర సంస్థ) అనుమతి ఉన్న కోర్సుల జాబితాలో కాలేజీ పేరు, కోర్సు పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూడండి. అక్కడ లేకపోతే స్కాలర్‌షిప్పూ రాదు, బ్యాంకు లోనూ రాదు.

రెండో పని: దారి ఎంచుకోవడం

దారులు నాలుగున్నాయి. ఖర్చులో ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు.

ఒకటి, జేఈఈ. ఐఐటీ ఢిల్లీలో, జలంధర్ ఎన్ఐటీలో టెక్స్‌టైల్ టెక్నాలజీ బీటెక్ ఉంది. రెండిటికీ జోసా, అంటే ఐఐటీ, ఎన్ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్, ద్వారానే సీటు. ఎన్ఐటీ ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కి రూ. 62,500, నాలుగేళ్లకి రూ. 5 లక్షలు. ఐఐటీలో సెమిస్టర్‌కి రూ. లక్ష, మొత్తం రూ. 8 లక్షలు. ఈ అంకెలు చూసే చాలామంది తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతారు, అసలు విషయం దాని కింద ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఈ ట్యూషన్ ఫీజు పూర్తిగా లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ. లక్ష లోపు ఉంటే ఎవరికైనా లేదు. రూ. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. అంటే రూ. 4 లక్షల ఆదాయం ఉన్న ఇంటికి ఎన్ఐటీ ట్యూషన్ నాలుగేళ్లకీ కలిపి సుమారు రూ. 1,67,000. హాస్టల్, మెస్ ఖర్చు మాత్రం ఈ మాఫీలోకి రాదు. జేఈఈలో కంప్యూటర్స్‌తో పోలిస్తే టెక్స్‌టైల్ సీటు చాలా దూరం ర్యాంకు దాకా వెళ్తుంది. కాబట్టి ర్యాంకు బాగా రాలేదని జోసాలో ఆప్షన్లు పెట్టకుండా వదిలేయకండి. మా లెక్కలో ఈ బ్రాంచికి అన్నిటికన్నా చవకైన మంచి దారి ఇదే.

రెండు, ఈఏపీసెట్. కౌన్సెలింగ్ మొదలయ్యాక బ్రాంచి కోడ్‌ల జాబితాలో ఆ ఏడాది టెక్స్‌టైల్ ఉందో లేదో చూడండి. ఉన్నా సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. ఇక్కడ మన రెండు జిల్లాలకీ ఒక తేడా ఉంది. నెల్లూరు ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) లోకల్ ఏరియాలోకి వస్తుంది, ప్రకాశం ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) లోకల్ ఏరియాలోకి. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లవి. లోకల్ ఎవరన్నది ఊరి పేరుని బట్టి తేలదు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, ఎక్కడ చదివారో దాన్ని బట్టి తేలుతుంది. కందుకూరులో పుట్టి నెల్లూరు కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చేసిన పిల్లల స్టడీ సర్టిఫికెట్లు ముందే వరుసగా పేర్చి చూసుకోండి. హైదరాబాద్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లకి ఒక మాట: ఉస్మానియా టెక్నాలజీ కాలేజీలో టెక్స్‌టైల్ బీటెక్ ఉంది కానీ, ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024లో ముగిసింది. మనవాళ్లు పాత రోజుల్లో లాగా కన్వీనర్ సీటుని లెక్కలో వేసుకోకూడదు.

మూడు, తమిళనాడు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఇటే. కోయంబత్తూరులో పీఎస్‌జీ, కుమరగురు, సత్యమంగళంలో బన్నారి అమ్మన్, ఇంకా ఈరోడ్, తిరుచెంగోడు చుట్టుపక్కల కాలేజీలు. చుట్టూ మిల్లులు ఉండటం వల్ల ఇంటర్న్‌షిప్ కోసం ఊళ్లు తిరగక్కర్లేదు. తమిళనాడులో చదవని, అక్కడి నేటివిటీ లేని పిల్లలకి దొరికేది చాలావరకు మేనేజ్‌మెంట్ సీటే. అక్కడి ఫీజు కమిటీ 2017లో మేనేజ్‌మెంట్ సీటుకి ఏడాదికి రూ. 85,000, ఎన్‌బీఏ గుర్తింపు (కోర్సు నాణ్యతకి ఇచ్చేది) ఉన్న కోర్సుకి రూ. 87,000 ఖరారు చేసింది. కాలేజీ చెప్పే అంకె దీనికన్నా బాగా ఎక్కువగా ఉంటే, మిగతాది ఏ పేరు మీద తీసుకుంటున్నారో కాగితం మీద రాసిమ్మని అడగండి. రసీదు లేని డబ్బుకి బ్యాంకు లోను ఇవ్వదు, మధ్యలో మానేస్తే తిరిగీ రాదు. సేలంలోని కేంద్ర ప్రభుత్వ చేనేత సాంకేతిక సంస్థ, ఐఐహెచ్‌టీ, హ్యాండ్‌లూమ్ అండ్ టెక్స్‌టైల్ టెక్నాలజీలో బీటెక్ నడుపుతుంది. ప్రైవేటు కాలేజీకి అడ్వాన్స్ కట్టే ముందు దాని నోటిఫికేషన్ తప్పక చూడండి.

నాలుగు, చుట్టుదారి. అంటే నేరుగా టెక్స్‌టైల్ బీటెక్‌లో చేరకుండా ఇంకో చదువు ద్వారా ఈ రంగంలోకి రావడం. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరు మీద ఉన్న రాష్ట్ర ఐఐహెచ్‌టీలో పదో తరగతి తర్వాత మూడేళ్ల హ్యాండ్‌లూమ్ అండ్ టెక్స్‌టైల్ టెక్నాలజీ డిప్లొమా ఉంది. 2022 పునర్విభజనలో వెంకటగిరి తిరుపతి జిల్లాకి వెళ్లినా, నెల్లూరు పిల్లలకి దూరమేమీ పెరగలేదు. దీనికి పాలిసెట్‌తో పని లేదు, చేనేత జౌళి శాఖ విడిగా దరఖాస్తులు పిలుస్తుంది. ఇంకో చుట్టుదారి ఇంటర్ తర్వాతిది: ఇక్కడే రీయింబర్స్‌మెంట్‌తో మెకానికలో కెమికలో బీటెక్ చేసి, గేట్ రాసి టెక్స్‌టైల్‌లో ఎంటెక్‌కి వెళ్లడం. గేట్ స్కోరుతో సీటు వస్తే నెలకి రూ. 12,400 స్టైపెండ్, రెండేళ్లకి రూ. 2,97,600. డబ్బు బొత్తిగా లేని ఇంటికి, పిల్లలకి ఓపిక ఉంటే, ఈ దారి బాగా కలిసొస్తుంది. ఒక్కటి చూసుకోండి: మీరు అనుకుంటున్న ఎంటెక్‌కి మెకానికల్, కెమికల్ వాళ్లని తీసుకుంటారో లేదో ప్రవేశ నిబంధనల్లో ముందే చదవాలి.

మూడో పని: కాగితాలు

ఇవి మేలోనే చేతిలో ఉండాలి. జూన్‌లో సచివాలయం, మండల ఆఫీసు రెండూ కిటకిటలాడతాయి.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ లేదా రైస్ కార్డు, ఆధార్‌తో అనుసంధానమైన విద్యార్థి బ్యాంకు ఖాతా. అన్నిట్లో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటే స్కాలర్‌షిప్ ఆగేది అక్కడే.

ఎక్కువమంది దెబ్బతినేది బీసీ సర్టిఫికెట్ దగ్గర. రాష్ట్రం ఇచ్చే బీసీ ధ్రువీకరణ జోసాలో పనికిరాదు. కేంద్ర ఓబీసీ జాబితా ప్రకారం, కేంద్రం నమూనాలో, నాన్ క్రీమీలేయర్ (ఓబీసీల్లో సంపన్న వర్గం కాదనే) సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్ వాళ్లకీ ఇదే తేదీ. పద్మశాలీలు, దేవాంగులు రాష్ట్రంలో బీసీ-బి కిందకి వస్తారు కాబట్టి "మా దగ్గర ఉందిగా" అని ధీమాగా ఉండిపోతారు. తీరా సీటు వచ్చాక పరిశీలనలో కాగితం చెల్లక జనరల్‌లోకి పడిపోతారు.

నాలుగో పని: నాలుగేళ్ల కాగితం రాయడం

ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగు నిలువు గడులు గీయండి, ఏడాదికొకటి. అడ్డంగా ఈ పద్దులు రాయండి: ట్యూషన్, హాస్టల్ మెస్ కలిపి, పరీక్ష ఫీజు పుస్తకాలు, ప్రయాణం, చేతి ఖర్చు, ఒక్కసారి ఖర్చులు, శిక్షణ ప్రాజెక్టు. కోయంబత్తూరు వైపు మేనేజ్‌మెంట్ సీటుకి నమూనాగా ఒక లెక్క వేద్దాం. మీ కాలేజీ అంకెలు తెలిశాక వీటి స్థానంలో అవి వేసుకోండి.

ట్యూషన్ రూ. 87,000 అనుకుందాం. హాస్టల్ మెస్ రూ. 80,000. పరీక్ష ఫీజు, పుస్తకాలు, ల్యాబ్ రికార్డులు రూ. 20,000. ప్రయాణం రూ. 8,000. చేతి ఖర్చు నెలకి రూ. 2,000 చొప్పున పది నెలలకి రూ. 20,000. ఇవి కలిపితే ఏడాదికి రూ. 2,15,000, నాలుగేళ్లకి రూ. 8,60,000. దీనికి మొదటి ఏడాది ఒక్కసారి ఖర్చులు కలపండి: ల్యాప్‌టాప్ రూ. 45,000, కాషన్ డిపాజిట్ రూ. 10,000, పరుపు, బకెట్టు, ఏప్రాన్, బూట్లు వగైరా రూ. 10,000. మూడు, నాలుగు సంవత్సరాల్లో మిల్లు శిక్షణ, ప్రాజెక్టు కలిపి రూ. 30,000. ఇప్పటికి రూ. 9,55,000. అయిపోలేదు. మెస్ బిల్లు ఏటా పెరుగుతుంది. 7 శాతం చొప్పున పెరిగితే నాలుగేళ్లలో మరో రూ. 35,000. మొత్తం రూ. 9,90,000. ఇందులో ట్యూషన్ రూ. 3,48,000 మాత్రమే! ఫీజు రాయితీ వెతకడానికి పెట్టే శ్రద్ధలో సగం హాస్టల్ మీద పెట్టినా డబ్బు మిగులుతుందని దీన్నిబట్టే తెలుస్తుంది.

కొన్ని పద్దుల గురించి వివరంగా చెప్పాలి.

మెస్‌లో రెండు రకాలు. ఏడాదికి ఇంత అని ముందే కట్టించుకునేది ఒకటి, నెలనెలా అయిన ఖర్చు పంచేది ఇంకొకటి. రెండో రకంలో సెలవులకి ముందుగా రాసిచ్చి వెళ్తే ఆ రోజులు తగ్గిస్తారు. మొదటి రకంలో దసరాకి పది రోజులు ఇంటికొచ్చినా పైసా తగ్గదు. ఏ రకమో చేరేముందే అడగండి.

ప్రయాణంలో మన జిల్లాలకి ఒక కలిసొచ్చే సంగతి ఉంది. శబరి, కేరళ ఎక్స్‌ప్రెస్‌లు ఒంగోలు, నెల్లూరు, గూడూరు మీదుగా వెళ్లి సేలం, ఈరోడ్, కోయంబత్తూరు తాకుతాయి. చెన్నైలో దిగి సెంట్రల్‌కీ ఎగ్మోర్‌కీ మధ్య ఆటో ఖర్చు పెట్టక్కర్లేదు. సెలవుల తేదీలు కాలేజీ క్యాలెండర్‌లో ముందే ఉంటాయి, రిజర్వేషన్ తెరిచిన రోజే స్లీపర్ తీసుకుంటే ఈ పద్దు చాలా చిన్నది. సంక్రాంతి ముందు వారం తత్కాల్ కోసం పోతే అదే పద్దు మూడింతలవుతుంది. జలంధర్‌కైతే ఏడాదికి రెండు రాకపోకలకి మించి లెక్క వేయకండి, అక్కడి చలికి రగ్గు, స్వెట్టర్, మంచి కోటు ఒక్కసారి ఖర్చుల్లో కలపండి.

ఈ బ్రాంచికే ప్రత్యేకమైన ఖర్చులు చిన్నవే కానీ ఎవరూ ముందు చెప్పరు. అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కపెట్టే పిక్ గ్లాస్, సూది, నేత డిజైన్లు వేసే గ్రాఫ్ షీట్లు, గుడ్డ నమూనాలు అతికించే రికార్డు పుస్తకం. నేతగాళ్ల ఇంట్లో అయితే పిక్ గ్లాస్ ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది, కొత్తది కొనకండి. మగ్గంలోని అచ్చు, పన్నె అంటే ఏమిటో పుట్టుకతోనే తెలిసిన పిల్లలకి నేత పేపరులో ట్యూషన్ కూడా అక్కర్లేదు. వాళ్లకి కష్టమయ్యేది స్పిన్నింగ్ లెక్కలు, ఫైబర్ కెమిస్ట్రీ.

మిల్లు శిక్షణ దగ్గర డబ్బు జారేది గది అద్దెకి. హాస్టల్ ఉన్న మిల్లుని కాలేజీ ద్వారానే అడిగించుకోవాలి, మీరు విడిగా ఉత్తరం పంపితే జవాబు రాదు. ప్రాజెక్టులో నూలు, గుడ్డ పరీక్షల్ని బయటి ల్యాబ్‌కి పంపితే ఒక్కో పరీక్షకీ విడిగా ఫీజు పడుతుంది. కాలేజీ ల్యాబ్‌లో ఏ యంత్రం పనిచేస్తోందో చూసుకుని ప్రాజెక్టు అంశం ఎంచుకుంటే ఈ ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. అంశం ముందు, యంత్రం తర్వాత అనుకున్నవాళ్లే చివరి నెలలో డబ్బు పట్టుకుని పరిగెడతారు.

ఐదో పని: వచ్చే డబ్బు వెతకడం

రాష్ట్రంలోనే కన్వీనర్ సీటు అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్. ఆదాయ పరిమితి ఏడాదికి రూ. 2.5 లక్షలు, హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్, స్పాట్ సీట్లకి ఇది రాదు. ప్రభుత్వం నుంచి విడతలు ఆలస్యమైతే కాలేజీ ముందు మిమ్మల్ని కట్టమంటుంది. ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకుని, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. డబ్బు వచ్చాక తిరిగి అడగడానికి అదే ఆధారం.

రాష్ట్రం దాటినా దక్కేవి మూడున్నాయి. ఎస్సీ విద్యార్థులకి కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకం. 2021 మార్గదర్శకాల ప్రకారం బీటెక్ హాస్టల్ విద్యార్థికి ఏడాదికి రూ. 13,500 భత్యం ఉంది, ఎక్కడ చదివినా సొంత రాష్ట్రం నుంచే దరఖాస్తు చేయాలి. అమ్మాయిలకి ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్, ఏడాదికి రూ. 50,000. కుటుంబ ఆదాయం రూ. 8 లక్షలు మించకూడదు, ఇంట్లో ఇద్దరు అమ్మాయిలదాకా ఇస్తారు. మొదటి ఏడాదిలోనే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. కాలేజీ నోడల్ అధికారి ఆన్‌లైన్‌లో ధ్రువీకరించకపోతే మీ దరఖాస్తు అక్కడే పడి ఉంటుంది, గడువుకి వారం ముందు ఒకసారి వెళ్లి కూర్చుని చేయించుకోండి.

మూడోది వెంకటగిరి, పాటూరు, చీరాల ఇళ్లకి అందరికన్నా ముఖ్యమైంది, అందరికన్నా తక్కువ తెలిసింది. జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమం కింద, చేనేత కార్మికుల పిల్లలు గుర్తింపు ఉన్న సంస్థల్లో టెక్స్‌టైల్ డిప్లొమా, డిగ్రీ, పీజీ చదివితే ఏడాదికి రూ. 2 లక్షల దాకా సాయం ఉంది, ఇంటికి ఇద్దరు పిల్లల వరకు. పైన వేసిన రూ. 9,90,000 లెక్కలో ఎనిమిది లక్షలు దీనితోనే పోవచ్చు. తల్లి పేరు మీదో తండ్రి పేరు మీదో కేంద్ర ప్రభుత్వ నేత కార్మికుల గుర్తింపు కార్డు ఉండాలి. కార్డు లేకపోతే పదో తరగతి అయిన వేసవిలోనే ఆ పని మొదలుపెట్టండి. జిల్లా చేనేత జౌళి శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) కార్యాలయంలో, విజయవాడ వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో నమూనా పత్రం అడగండి. మేస్త్రీ కింద కూలి నేత నేసేవాళ్లు "మాకెందుకిస్తారు" అని వెళ్లరు. మగ్గం సొంతమా కాదా అన్నది పక్కనపెట్టి ముందు కార్డు సంగతి చూసుకోండి.

ఆరో పని: లోను

రూ. 4 లక్షల దాకా మార్జిన్ (మీ చేతి వాటా), తాకట్టు లేవు. 4 నుంచి 7.5 లక్షల మధ్య తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు, 5 శాతం మీరు పెట్టుకోవాలి. 7.5 దాటితే ఇల్లో పొలమో చూపమంటారు. దీనికి మినహాయింపు పీఎం విద్యాలక్ష్మి. ఆ జాబితాలో ఉన్న సంస్థల్లో ప్రతిభతో సీటు వస్తే తాకట్టు, హామీ రెండూ అడగరు. రూ. 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి, రూ. 10 లక్షల లోను వరకు, చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకి ఇది వర్తించదు. ఆదాయం రూ. 4.5 లక్షల లోపు ఉండి, గుర్తింపు ఉన్న సాంకేతిక కోర్సు అయితే ఆ కాలపు వడ్డీ మొత్తం మాఫీ చేసే పథకం ఉంది. దానికి ఆదాయ ధ్రువీకరణ బ్యాంకుకి సకాలంలో ఇవ్వాలి.

లోను అసలు ఖరీదు ఇలా చూడండి. ఏటా రూ. లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం, చదువయ్యాక ఏడాది వ్యవధి. బారు వడ్డీ లెక్కన మొదటి లక్షకి ఐదేళ్ల వడ్డీ రూ. 50,000, తర్వాతి వాటికి 40,000, 30,000, 20,000. కలిపి రూ. 1,40,000. వాయిదాలు మొదలయ్యే రోజుకి బాకీ రూ. 5,40,000. పదేళ్లకి నెలవారీ వాయిదా సుమారు రూ. 7,136, మొత్తం కట్టేది రూ. 8,56,000 దాటుతుంది. చదువుకునే రోజుల్లోనూ, ఆ తర్వాతి వ్యవధి ఏడాదిలోనూ ఆ వడ్డీ కట్టుకుంటూ పోతే మొదటి ఏడాది నెలకి రూ. 833, నాలుగో ఏడాది నుంచి రూ. 3,333. అప్పుడు బాకీ రూ. 4 లక్షల దగ్గరే ఆగుతుంది, వాయిదా రూ. 5,286కి దిగుతుంది. చేతనైతే ఇలాగే చేయండి.

బ్యాంకుకి వెళ్లేటప్పుడు ప్రవేశ ఉత్తరం, ఏడాదివారీ ఫీజు వివరం కాలేజీ లెటర్‌హెడ్ మీద, అందులో హాస్టల్ కూడా ఉండేలా రాయించుకుని తీసుకెళ్లండి. హాస్టల్ ఆ కాగితంలో లేకపోతే ఆ భాగానికి లోను అడగడం కష్టం. కౌన్సెలింగ్ అయ్యాక కాదు, ర్యాంకు వచ్చిన వారమే మేనేజర్‌ని కలవాలి.

ఏడో పని: కట్టే ముందు, మానే ముందు

డీడీ ద్వారానో ఆన్‌లైన్‌లోనో కాలేజీ ఖాతాకే కట్టండి, ఏజెంటు ఫోన్‌పేకి కాదు. మొదట ఒక సెమిస్టర్‌కే కట్టండి. ఇంకోచోట మంచి సీటు వచ్చి, తరగతులు మొదలుకాకముందే మానుకుంటే, ఏఐసీటీఈ నిబంధన ప్రకారం గరిష్ఠంగా రూ. 1,000 మినహాయించి మిగతాదంతా తిరిగివ్వాలి. అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే హక్కు కాలేజీకి లేదు. మానుకుంటున్నట్టు ఈమెయిల్ పంపి, అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం కూడా వేయండి. నోటిమాటతో చెప్పి వచ్చేస్తే ఏ తేదీన మానుకున్నారో నిరూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.